కింది అరలో దీపం

మిలెనా గిరిజ ఫోన్‌ని కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసింది. చాలక ఇంకాస్త పెద్దది చేసింది. అప్పటిదాకా మొహం నిండా ఉన్న నవ్వు కాస్తా మాయమైంది.

"ఈ కొవ్వొత్తి ఎవరి కోసం పెట్టావు?" అంది.

"మా ఆయన కోసం."

"అంటే..." మిలెనా తలుపు సందులోంచి ముందుగదిలోకి చూసింది. అక్కడ బాపురావు సోఫాలో కాళ్ళు చాపుకుని, కరీంనగర్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్‌లో ఆ కొవ్వొత్తి కథే మళ్ళీ మొదటినుంచీ చెబుతున్నాడు. "అంటే ఆయనేనా?"

"ఇంకెవరు? నాకున్నది ఒక్కడే" అని గిరిజ నవ్వింది.

మిలెనా నవ్వలేదు. లేచి వెళ్ళి వంటింటి తలుపు మూసి వచ్చింది.

"మా మఠాల్లో కొవ్వొత్తులకు రెండు అరలుంటాయి గిరిజా. పై అర బతికున్నవాళ్ళకి. కింద ఇసుక పోసిన అర పోయినవాళ్ళకి. ఇదిగో, రేకు మీద రాసి కూడా ఉంది చూడు."

గిరిజ చూసింది. ఆ అక్షరాలు ఆ రోజు కూడా కనబడ్డాయి. ఎవరో దేవుడి పేరై ఉంటుందని వాటికి దండం కూడా పెట్టుకుంది.

మిలెనాది సెర్బియా. లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్‌లో వీళ్ళింటికి మూడిళ్ళ అవతల ఉంటుంది, వీళ్ళు వెళ్ళే డాక్టరు క్లినిక్‌లోనే రిసెప్షన్‌లో పనిచేస్తుంది. వీళ్ళు తన దేశం చూసొచ్చారని సంబరపడిపోయి, ఆదివారం పూట జామ్ సీసా చేత పట్టుకుని ఫొటోలు చూడటానికి వచ్చింది. ఇప్పుడు ఎందుకొచ్చానా అన్నట్టు ఆ సీసా మూతనే తిప్పుతూ కూర్చుంది.

"ఎల్లుండి పొద్దున్నే ఆపరేషన్" అంది గిరిజ. ఆ సంగతి మిలెనాకు తెలియనిది కాదు. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొచ్చేట్టుంది, అందుకని అంది.

బాపురావు గుండెలో వాల్వ్ ఒకటి గట్టిపడిపోయింది. మార్చకపోతే ఏడాది గడవడం కష్టమని కన్సల్టెంట్ చెప్పింది. ఆ తర్వాత ధైర్యం చెప్పబోయి 'రొటీన్ ఆపరేషనే' అని కూడా అంది. ఆ ఒక్క మాటతో మొత్తం చెడింది. బాపురావుకి ఇరవై ఏళ్ళున్నప్పుడు వాళ్ళమ్మ రాజవ్వకి కడుపులో రాళ్ళు తీయడానికి ఆపరేషన్ చేశారు. చిన్నదే అన్నాడు అప్పటి డాక్టరు. బాపురావు కూడా స్ట్రెచర్ పక్కనే నడుస్తూ, "ఏం గాదే అమ్మా, పొద్దుగూకే యాళ్ళకు లేసి కూసుంటవ్" అన్నాడు. రాజవ్వ ఆ బల్ల మీది నుంచి మళ్ళీ లేవలేదు.

అందుకే మొదటిసారి ఆస్పత్రి వాళ్ళు తేదీ ఇచ్చినప్పుడు, బుద్ధిగా కారెక్కి కూర్చున్న మనిషి, తీరా ఆస్పత్రి కార్ పార్క్‌లోకి వెళ్ళాక, "నాకేం నొప్పి లేదు, బండి మలుపు" అన్నాడు. కూతురు మధులిక స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చినా దిగలేదు. ముప్పై ఏళ్ళు ఒక ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లూ గోడల పగుళ్ళూ పరిశీలించే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి ఆయన. ఒకసారి పనికిరాదని తేల్చాడంటే ఆ గోడ పడగొట్టాల్సిందే తప్ప ఆయన మాట మారదు.

ఆపరేషన్‌కి బదులుగా ఆయన అడిగింది ప్రయాణం. రామప్ప గుడికి దగ్గర్లో పుట్టి పెరిగాడు, రాతి కట్టడమంటే పిచ్చి. బాల్కన్ దేశాల్లో కొండల మీద పాత మఠాలున్నాయని ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాడు. "ఉన్నన్ని దినాలల్ల గవన్న సూసొస్త" అన్నాడు. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

వెళ్ళారు. బల్గేరియాలో చారల కమానుల మఠం చూశారు, మాసిడోనియాలో సరస్సు ఒడ్డున బుల్లి చర్చి చూశారు. మొదటి చర్చి దగ్గర మొగుడూ పెళ్ళాలిద్దరూ అలవాటు కొద్దీ బూట్లు గుమ్మంలో విడిచి, చలికి మంచుగడ్డల్లా ఉన్న బండల మీద సాక్సులతో లోపలికి పోతే, గైడు ఆ బూట్లు చేతబట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. తలకి గుడ్డ కప్పుకోమంటే మాత్రం గిరిజకి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది, కొంగు లాగి కప్పుకుంది. బాపురావు గోడల మీద బొమ్మల్ని కాకుండా గోడల్నే చూశాడు. సున్నం ఎలా కలిపారో, రాయి మీద రాయి ఎలా కూర్చుందో ఆయన చెబుతుంటే టూర్ బస్సులో వచ్చినవాళ్ళు కూడా చుట్టూ చేరి విన్నారు.

సెర్బియాలో, కొండ మీది మఠం దగ్గర మాత్రం మెట్లెక్కలేక ఆయన పెదాలు నీలంగా మారాయి. రాతి అరుగు మీద కూలబడిపోయాడు. అంతా అయిపోయిందనే అనుకుంది గిరిజ. నీళ్ళు తాగించి, ఊపిరి కాస్త కుదురుకున్నాక, పక్కనున్న రేకు గూడు దగ్గరికి వెళ్ళి రెండు సన్నని మైనపు వత్తులు వెలిగించింది. ఒకటి పోయిన అత్తగారికి. పోయినవాళ్ళు పైన ఉంటారు కాబట్టి దాన్ని పై అరలో పెట్టింది. రెండోది మొగుడికి. బతికున్న మనిషి నేల మీద, దేవుడి కాళ్ళ దగ్గరే కదా ఉండాలి? దాన్ని కింద ఇసుకలో గుచ్చింది. దీపం ఎక్కడ పెట్టాలో ఆమెకి ఒకరు చెప్పాలా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పెడుతూనే ఉంది.

అప్పుడే కొండ మీంచి గాలి విసురుగా వచ్చింది. కింది అరలో వత్తులన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి, ఒక్కటి తప్ప. అరుగు మీంచి బాపురావు అది చూశాడు.

"గిరిజా! నాదొక్కటి ఆరలే, సూసినవా? చేపిచ్చుకుంట. తేదీ ఇయ్యిమను వాళ్ళను."

డాక్టరు చెబితే వినలేదు, కూతురు ఏడిస్తే వినలేదు, పెళ్ళాం మాట సరేసరి. వత్తి చెబితే విన్నాడు మహానుభావుడు. ఆ వత్తేమో చనిపోయినవాళ్ళ వరసలో నిలబడి ఉంది.

"ఆయనకి చెప్పొద్దు మిలెనా" అంది గిరిజ. "తెలిస్తే ఈసారి కారు కూడా ఎక్కడు."

"నేనెందుకు చెబుతాను?" మిలెనా ఆమె చేయి పట్టుకుంది. "మంగళవారం పొద్దున్నే లండన్‌లో మా చర్చికి వెళ్తాను. పై అరలో ఆయన పేరు మీద పెడతాను. పేరు సరిగ్గా చెప్పు."

"బాపురావు."

మిలెనా ఎంత ప్రయత్నించినా అది 'బాపూరా' దగ్గరే ఆగిపోయింది. అంతవరకు చాలులే, మిగతాది దేవుడు పూరించుకుంటాడులే అంది గిరిజ. తర్వాత ఇంకో అనుమానం వచ్చింది. "ఆస్పత్రిలో మీ వాళ్ళెవరైనా ఉంటారా?"

"ఉండొచ్చు. మా ఇంటిపేర్లు ఎక్కువగా 'ఇచ్' అని ముగుస్తాయి."

ఆ సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళగానే గిరిజ ఆయన ఫోన్ అందుకుని తెర మీద ఆయన పెట్టుకున్న దీపం ఫొటో తీసేసి రామప్ప గుడి బొమ్మ పెట్టింది. బాపురావు తుండుగుడ్డతో తల తుడుచుకుంటూ వచ్చి ఫోన్ చూసుకున్నాడు.

"నా దీపమేదే?"

"ఏమో, అదే మారినట్టుంది."

"ఫోనుకు దయ్యం వట్టిందా, అదే మారనీకి?" అని కసురుకుని, పాత బొమ్మ మళ్ళీ పెట్టుకున్నాడు. అక్కడితో ఊరుకున్నాడా? మధులికకి ఫోన్ చేసి ఆ ఫొటోను పెద్ద కాగితం మీద ప్రింట్ తీసి తెమ్మన్నాడు. మధులికకైనా చెబుదామా అని గిరిజ ఒకటికి పదిసార్లు అనుకుంది. కానీ ఆ పిల్లకి దాచడం చేతకాదు, నోరు మూసుకున్నా మొహమే చెప్పేస్తుంది. తప్పు చేసింది తను, మోయాల్సిందీ తనే అనుకుని ఊరుకుంది.

సోమవారం ఆస్పత్రిలో మంచం ఇవ్వగానే బాపురావు చేసిన మొదటి పని ఆ కాగితాన్ని పక్కనున్న లాకర్‌కి అంటించడం. బీపీ చూడ్డానికి వచ్చినవాళ్ళకి చూపించాడు, మందులు రాసుకోవడానికి వచ్చిన కేరళ అమ్మాయికి చూపించాడు, టీ తెచ్చినావిడకి చూపించాడు. "దిస్ వన్ ఈజ్ మైన్. బిగ్ విండ్ కేమ్. ఆల్ గాన్. మైన్ నాట్ గాన్." అందరూ బావుందన్నారు. గిరిజ మాత్రం ఎవరు వచ్చినా మొహం చూడక ముందు బ్యాడ్జి చూసింది. మధ్యాహ్నం వచ్చిన కుర్ర డాక్టరు పేరు సరిగ్గా 'ఇచ్' అనే ముగిసింది. ఆయన కంప్యూటర్ తెర మీంచి తలెత్తకుండానే నాలుగు ప్రశ్నలడిగి, కాగితం వంక చూడకుండానే వెళ్ళిపోయాడు. ఇంకెవరూ లేరు, గండం గడిచిందనుకుంది.

మంగళవారం పొద్దున ఆయన్ని సిద్ధం చేయడానికి వచ్చిన నర్సు పేరు లవీనియా. గిరిజ బ్యాడ్జి చూసి ఊపిరి పీల్చుకుంది. 'ఇచ్' లేదు.

"సిస్టర్, సీ మై లైట్" అన్నాడు బాపురావు ఆస్పత్రి గౌనులో కూర్చుని.

లవీనియా నవ్వుతూ వంగి చూసింది. "అరే, మా రొమేనియాలోనూ ఇలాంటివే ఉంటాయి. మా అమ్మమ్మ..." అంటూ ఆగిపోయింది. ఇంకొంచెం వంగింది. "ఇది మీదా?"

"మైన్."

ఆవిడ తలెత్తి, ఆయన భుజం మీదుగా గిరిజని చూసింది. మధులిక పక్కన నిలబడ్డ గిరిజ గడ్డం కింద రెండు చేతులూ జోడించి, వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది. లవీనియాకి అర్థమైంది. "చక్కగా వెలుగుతోంది" అనేసి, ఆయన మణికట్టుకున్న పట్టీ మీది పేరు సరిచూడటంలో పడిపోయింది.

కానీ పగుళ్ళ మీద రంగు పూసి దాచే మేస్త్రీల మొహాలు ముప్పై ఏళ్ళు చూసిన మనిషి దగ్గరా ఈ దాపరికం? బాపురావు గిరుక్కున వెనక్కి తిరిగాడు. గిరిజ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

"దండం ఎవలకు వెడ్తున్నవ్?"

"దేవునికి."

"దేవుడు గీ సిస్టర్ మొఖంల ఉన్నడా?"

లవీనియా, "థియేటర్‌కి తీసుకెళ్ళే మనిషి వస్తున్నాడు, అయిదు నిమిషాలు" అని చెప్పి మంచం చుట్టూ ఉన్న తెర అవతలికి తప్పుకుంది.

"ఏముందే గా బొమ్మల?" బాపురావు గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తేనే గిరిజకి భయం. "నిజం జెప్పు. నేను గా బల్ల మీదికి పోతున్న. అబద్ధం మీద పండవెట్టకు నన్ను."

రెండు రోజులుగా మింగుతూ వచ్చిన మాట ఇక మింగుడు పడలేదు. చెప్పేసింది. పై అర ఎవరిదో, కింది అర ఎవరిదో, ఎవరు చెప్పారో అంతా చెప్పింది. మధులిక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

బాపురావు కాళ్ళు మంచం కిందికి దించాడు. "నా ప్యాంటు తే."

"డాడ్, ప్లీజ్! ఇట్స్ జస్ట్ ఎ క్యాండిల్!"

"ప్యాంటు తెమ్మంటున్న."

ఎవరూ కదలకపోతే తనే లాకర్ తెరిచి ప్యాంటు లాక్కుని, గౌనులోనే ఒక కాలు అందులోకి దూర్చాడు. "సచ్చినోళ్ళ వరుసల నిలవెట్టినవ్ నన్ను. గాలికి ఆరలేదంటే ఎందుకారుతది? నా జాగ నాకు రడీ చేసి పెట్టినట్టున్నది గద!"

అప్పటిదాకా భయపడ్డ గిరిజకి ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది.

"ఔ, నిలవెట్టిన! నాకేం ఎరుక? పోయినోళ్ళు పైనుంటరనే గదా మన దిక్కు చెప్తరు. అందుకే అత్తమ్మది పైన వెట్టిన. మీరు పైకి పోవద్దు, నా పక్కకు, గీ నేల మీదనే ఉండాలె అని మీది కింద వెట్టిన. నేను అడిగింది గదొక్కటే. తప్పు చేస్తే చేసిన గని, మీరు సావాలె అని పెట్టిన్నా? మెట్ల మీద మీ పెదవులు నీలమైతే నా పానం పోయింది, ఎరుకేనా మీకు?"

ఒక కాలు ప్యాంటులో ఉండగానే బాపురావు ఆగిపోయాడు. కోపానికి కాదు. ఇంకేదో ఆయన్ని ఆపింది.

"అమ్మది యాడ వెట్టినవ్?"

"చెప్పిన గదా. పైన."

"పైన అంటే ఎవల దగ్గర?"

గిరిజకి కూడా అప్పుడే తట్టింది. తను చేసింది ఒక తప్పు కాదు, రెండు. మొగుడి గురించిన దిగులులో రెండోదాని సంగతే ఆలోచించలేదు.

"బతికున్నోళ్ళ దగ్గర" అంది.

బాపురావు లాకర్ మీంచి కాగితం ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కింద ఇసుకలో ఆయన దీపం. కాగితం పై అంచున, పై అరలో ఇంకో దీపం. దాన్ని వేలితో తాకాడు.

"గిదేనా?"

"గదే."

తెర అవతల ట్రాలీ చక్రాల చప్పుడు దగ్గరికొచ్చి ఆగింది. లవీనియా ఎవరితోనో నెమ్మదిగా, ఒక్క నిమిషం ఆగమంటోంది. మధులిక ఏడుస్తూ గడియారం వంక చూస్తోంది. ఈసారి కూడా వెనక్కి వెళ్తే ఇంకో తేదీ దొరకదని కాదు, దొరికేదాకా ఆయన ఉండడని ఆ గదిలో అందరికీ తెలుసు.

"ఇన్నేండ్ల సంది అమ్మ యాదికొస్తే గా బల్ల మీదనే కనవడ్తది" అన్నాడు బాపురావు, కాగితంతో చెబుతున్నట్టు. "తెల్లగుడ్డ కప్పుకోని. అమ్మ నాట్లెయ్యలేదా, నన్ను సంకనెత్తుకోలేదా? గవేవీ కనవడవు. నేనే లేసి కూసుంటవని చెప్పి పంపిచ్చిన. ఒక్కనాడు గూడ ఆమెను గా బల్ల మీది నుంచి దించలేకపోయిన." ఆయన కళ్ళ నీళ్ళు కాగితం మీద పడ్డాయి, తుడుచుకోలేదు. "నువ్వు వోయి బతికున్నోళ్ళల్ల కూసోవెట్టొచ్చినవా ఆమెను?"

గిరిజ ఆయన పక్కన మంచం మీద కూర్చుంది.

కాసేపటికి ఆయన ప్యాంటులోంచి కాలు బయటికి తీశాడు.

"గని తప్పు తప్పే. గట్లిడిసిపెట్టొద్దు. మళ్ళా పోవాలె గాడికి. నాది నువ్వు పైకెక్కియ్యి. అమ్మది మాత్రం నేనే కిందికి దించుత. ఇంకెవ్వలు ముట్టొద్దు. అది కొడుకు చేసే పని."

"మీరే దించుదురు."

"తోలుకపోతవా?"

"తోలుకపోత."

"మెట్లు?"

"వాల్వ్ కొత్తదుంటది. మీరే ఎక్కుతరు, నన్నే గుంజుకపోతరు."

బాపురావు ముక్కు ఎగబీల్చి, గౌను సర్దుకుని, "రమ్మను వాణ్ణి" అన్నాడు. థియేటర్ తలుపుల దాకా ఆయన చేయి గిరిజ చేతిలోనే ఉంది. రొటీన్ అనిగానీ, ఏం కాదు అనిగానీ, సాయంత్రానికి లేచి కూర్చుంటారనిగానీ ఆమె అనలేదు. ఆ మాటలు ఆయన దగ్గర చెల్లవని ఆమెకి తెలుసు. తలుపులు మూసుకున్నాక చూసుకుంటే, ప్రింట్ కాగితం తన చేతిలో నలిగి ఉంది.

వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నాక మిలెనా ఫోన్ చేసింది. లండన్‌లో చర్చి గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుతోంది.

"పై అరలో పెట్టాను గిరిజా. నిటారుగా వెలుగుతోంది. కింది అర కూడా పక్కనే ఉంది. మీ అత్తగారికి కూడా ఒకటి పెట్టనా? రెండు తప్పులూ ఒక్కసారే సరిచేసినట్టవుతుంది."

పై అరలోది అత్తగారిదని ఆదివారం తను చెప్పినప్పుడే మిలెనా రెండు తప్పులనీ గమనించిందన్నమాట. సరేనని గిరిజ నోటిదాకా వచ్చింది. ఈ తలుపుల వెనక ఆయన ఛాతీ తెరిచి ఉంది. ఏ దేవుణ్ణీ, ఏ చచ్చినవాళ్ళనీ నొప్పించే సమయం కాదిది. సరే అంటే పోయేదేముంది? కానీ సరే అంటే, ఆయన ఇక ఆ మెట్లెక్కడని తనే ఒప్పుకున్నట్టవుతుంది.

"వద్దు" అంది. "అది ఆయనే చేస్తానన్నాడు."

"కానీ గిరిజా, ఒకవేళ..."

"ఆయనే చేస్తాడు."

ఫోన్ పెట్టేసింది. తప్పు చేశానేమో అన్న భయం మధ్యాహ్నమంతా ఆమెను తినేసింది. మధులిక శాండ్‌విచ్ తెచ్చిపెడితే ముట్టలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడింది, తన కోసం కాదని తెలిసి కూర్చుంది.

చివరికి సర్జన్ వచ్చి, వాల్వ్ బాగా కూర్చుందని, రక్తం కొంచెం ఎక్కువ పోయిందని, ఆయన మేలుకుని మనుషుల్ని గుర్తుపట్టేదాకా తను పూర్తి భరోసా ఇవ్వలేనని చెప్పింది. ఈసారి రొటీన్ అనలేదు.

సాయంత్రం గిరిజని ఒక్కదాన్నే ఐసీయూలోకి రానిచ్చారు. ఆయన నోట్లో గొట్టం, మెడకి గొట్టాలు, ఛాతీ మీద కట్టు. పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. కనురెప్పలు కదిలాయి గానీ కళ్ళు తెరుచుకున్నాక కూడా ఎక్కడో పైకప్పు మీద తిరుగుతున్నాయి. గిరిజ మంచం కమ్మీ పట్టుకుని, "నేను, గిరిజను" అంది.

ఆ కళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఆమె దగ్గర ఆగాయి. దుప్పటి మీదున్న ఆయన చేయి కొంచెం కదిలింది. చూపుడువేలు లేచి పైకి చూపించింది. కాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా తిరిగి కిందికి చూపించింది. మళ్ళీ పైకి. మళ్ళీ కిందికి.

పక్కనున్న నర్సు, "తలవైపు దించమంటున్నట్టున్నారు" అని మంచం బటన్ నొక్కబోయింది.

"మంచం కాదమ్మా" అని గిరిజ ఆవిడ చేతిని ఆపింది. వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఎవ్వలూ ముట్టలేదు. మీరే దించుదురు గని, పోదాం."